చీటీ పట్టిన చెయ్యి

శుక్రవారం మధ్యాహ్నం ప్రొద్దుటూరులోని శిక్షణ హాల్లో సుహానా లేచి నిలబడి రెండే మాటలు చెప్పింది. మీరు ఇన్నేళ్ళుగా పాఠంగా చెబుతున్న ఆ ఇల్లు మాదే మేడం అన్నది మొదటిది. మా అమ్మ ఆ రోజు మిమ్మల్ని మాట్లాడవద్దని చూడలేదు అన్నది రెండోది. చెప్పి, లేచినంత నెమ్మదిగానే కూర్చుంది. మిగిలిన ముప్పై తొమ్మిది మంది పాఠం చెబుతున్న ప్రసన్నకుమారి వైపు తిరిగారు. ఆమె చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, ఈ పూటకు చాలు అని మాత్రం అనగలిగింది.

ఆ పాఠం ఏమిటో ఈ చుట్టుపక్కల పేదల మధ్య పనిచేసే ఆ స్వచ్ఛంద సంస్థలో ప్రతి ఉద్యోగికీ తెలుసు. ముద్దనూరు దారిలో నాపరాయి గనుల పక్కనున్న ఒక ఊరు. రెండు వేల రెండో సంవత్సరం. బడి వరండాలో ఆడవాళ్ళు కూర్చుని ముగ్గుపిండితో ఊరి పటం గీశారు. ఇంటికొక చీటీ రాసి, ఆ చీటీలను నాలుగు కుప్పలుగా వేరు చేస్తున్నారు. బాగా ఉన్నవాళ్ళు, పరవాలేదనుకునేవాళ్ళు, పేదవాళ్ళు, పూట గడవనివాళ్ళు. ఏ చీటీ ఏ కుప్పలో పడాలో చెప్పేది ఊరివాళ్ళే. ఉద్యోగి చెప్పకూడదు, చెయ్యి పెట్టకూడదు. చివరి కుప్పలో పడిన ఇళ్ళకే సంస్థ ఆసరా అందుతుంది. ఒక ఇంటి చీటీ వచ్చినప్పుడు, ఆ ఇంటాయన కువైట్‌లో ఉన్నాడు, వాళ్ళకేం పరవాలేదని పొరుగామె చెప్పింది. అది నిజం కాదని అక్కడ ప్రసన్నకుమారికి ఒక్కదానికే తెలుసు, ఎందుకంటే ఆ ఇల్లాలికి ఉత్తరాలు రాసిపెట్టేది తనే. పద్నాలుగు నెలలుగా అటునుంచి జాబు లేదు. చెప్పబోతున్న క్షణంలో ఆ ఇల్లాలు తలెత్తి ఆమె వైపు చూసింది. నలుగురిలో నా గుట్టు విప్పవద్దన్నది ఆ చూపు. ప్రసన్నకుమారి మాట్లాడలేదు. ఒక ఇంటి మర్యాద నిలిచింది.

‘ఇంటివాళ్ళు దాచుకున్నది మనం విప్పకూడదు. వాళ్ళ మౌనమే వాళ్ళ జవాబు.’ శిక్షణ పుస్తకం మూడో పేజీలో ఉన్న ఈ నియమం ఆ చూపులోంచే పుట్టింది.

ఇప్పుడు శనివారం ఉదయం తొమ్మిదిన్నర. సుహానా తల్లి దగ్గరికని జమ్మలమడుగు పోయే బస్సులో సుహానా కిటికీ పక్కన, ప్రసన్నకుమారి ఆమె పక్కన కూర్చుని ఉన్నారు.

బయలుదేరేముందు ఎడ్విన్ ఫోన్ చేశాడు. సంస్థకు ఇప్పుడు అతనే డైరెక్టరు. పద్దెనిమిదేళ్ళ కిందట ఇదే పాఠం విని, భోజనాల దగ్గర ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నవాడు. సోమవారం పొద్దున నలభై మందీ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు పల్లెలకు బయలుదేరుతున్నారని గుర్తుచేశాడు. నాలుగు రోజుల్లో చీటీలు కుప్పలు పడిపోతాయి. ఆ తర్వాత ఐదేళ్ళ దాకా ఎవరూ వాటిని మళ్ళీ కలపరు. ఒక ఇంటి సంగతి కోసం నలభై మందిని తికమక పెట్టవద్దని, కావాలంటే ఈ ఒక్కసారికి ఆ పాఠం వదిలేయమని మర్యాదగానే చెప్పాడు. ఆదివారం సాయంత్రం లోపల మూడో పేజీ ఉంచాలా తీసెయ్యాలా చెబితే చాలన్నాడు.

చాలు అన్న మాట ఆమె చెవిలో చాలాసేపు ఉండిపోయింది. ముప్పై ఏళ్ళ పని తర్వాత తన దగ్గర నిలిచింది ఒక పేజీ. ఆ పేజీ ఒక చూపు మీద నిలబడి ఉంది. ఆ చూపును చదివింది తను ఒక్కతే.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకూడదని ఎప్పుడూ అనుకోలేదు కూడా. ఊళ్ళు తిరగడంలో ఏళ్ళు గడిచిపోయాయి. సాయంత్రం ఇంటికి వచ్చి దీపం వేసుకున్నాక, ఎవరితోనూ పంచుకోనక్కరలేని ఒక తృప్తి ఆమెకుండేది. నాలుగు వందల ఇళ్ళ గుట్టు తన దగ్గర భద్రంగా ఉందన్న తృప్తి. దాని గురించి ఆమె ఎన్నడూ తర్కించుకోలేదు. ఈ ఉదయం బస్సులో మొదటిసారి అనుమానం వచ్చింది. ఒకరి గుట్టు దాచడంలో దయ ఎంత, పెత్తనం ఎంత.

ఆ అలవాటు నాన్న నుంచి వచ్చింది. తిమోతి మాస్టరు జమ్మలమడుగు మిషను బడిలో పాఠాలు చెప్పేవాడు. పేటలో వచ్చిన ప్రతి ఉత్తరం ఆయనే చదివిపెట్టేవాడు. రైలు పట్టాల మీద పనికి పోయిన కొడుకులవి, గుంతకల్లులో ఇల్లు మారిన అల్లుళ్ళవి. చదివింది గొంతు దాటి రాకూడదని కూతురికి చెప్పేవాడు. ఉత్తరం రాసిపెడితే అడుగున తన పేరు రాయాలని కూడా ఆయనే నేర్పాడు. ఆ చివర ఉన్నవాడికి, మధ్యలో ఇంకొక మనిషి కూర్చుని వింటున్నాడని తెలియాలి కదా. అందుకే సుహానా తల్లి అఖ్తర్ బీ కోసం రాసిన ప్రతి ఉత్తరం అడుగునా, ‘రాసిపెట్టినది ప్రసన్నకుమారి’ అని ఉండేది.

బస్సు ఎండలో ఆగి ఆగి పోతోంది. సుహానా సీసా మూత తీసి నీళ్ళు ఇచ్చింది. ప్రసన్నకుమారి తాగి, తనకు తోచిన చిన్న ప్రశ్నే అడిగింది. ఆ పాఠం మీ ఇంటిదేనని ఎలా తెలిసింది, అందులో పేర్లు చెప్పను కదా అంది.

“చంకలో మూడేళ్ళ పిల్ల ఉన్నిందని చెప్తారు గదా మేడం. ఆ పిల్ల ముగ్గుపిండి నోట్లో పెట్టుకునిందని గూడా.” సుహానా కిటికీలోంచి బయటికే చూస్తూ అంది. “మా అమ్మ ఇప్పటికీ ఎక్కిరిస్తాది నన్ను. ఊరినే మింగబోయినావే నువ్వు అని.”

ఇద్దరికీ నవ్వు వచ్చింది.

ఆ పిల్లను పాఠంలోకి ఎప్పుడు తెచ్చిందో ప్రసన్నకుమారి గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. మొదటి ఏళ్ళలో లేదు. ఎవరో ఒకసారి, కథ బాగుంది కానీ కళ్ళకు కట్టడం లేదన్నారు. అప్పుడు పిల్ల వచ్చింది, ముగ్గుపిండి వచ్చింది. అవి అబద్ధాలు కావు. కానీ ఏది చెబితే వినేవాళ్ళు కదలకుండా కూర్చుంటారో ఆమె గొంతుకు తెలిసిపోయింది. ‘ఆమె నా వైపు చూసింది’ అనే చోట గొంతు తగ్గేది. మొదట్లో అది నిజంగానే తగ్గింది. తర్వాత అక్కడ తగ్గడం అలవాటైంది.

ఇన్నిసార్లు చెప్పిన తర్వాత తనకు గుర్తున్నది ఆ రోజా, పాఠమా?

*

అఖ్తర్ బీ ఇల్లు జమ్మలమడుగులో పాత వీధి చివర. రేకుల వసారా, లోపల ఒక గది. వసారా నేల అంతా నాపరాళ్ళే. నల్లటి బండల మీద గోనెసంచి పరిచి, దాని మీద వేరుశనగ కాయల రాశి పోసుకుని ఆమె వలుస్తోంది. విత్తనాల కాలం. పులివెందుల వైపు రైతుకు విత్తనం పప్పు చేత్తో వలిచి ఇవ్వాలి, మిషన్లో వేస్తే పప్పు చీలుతుంది. కుడివైపు గట్టి గింజలు, ఎడమవైపు ముడుచుకుపోయినవి. ఆమె చేతులు చూడకుండానే వేరు చేస్తున్నాయి.

ప్రసన్నకుమారి గుమ్మంలో నిలబడి ఆ చేతులనే చూసింది. ముఖం చూడడానికి కొంత సమయం పట్టింది. యాభై దాటిన ముఖం. మోకాళ్ళ నొప్పుల వల్ల కాబోలు కాళ్ళు రెండూ ముందుకు చాపుకుంది. కువైట్‌లో పదకొండేళ్ళు ఇంటిపని చేసి వచ్చిందని దారిలో సుహానా చెప్పింది. పటం గీసిన నాలుగు నెలలకే పోయింది. పెద్ద కూతురు జైనబ్‌కు అప్పుడు తొమ్మిదేళ్ళు. బడి మాని చెల్లెల్ని పెంచింది జైనబే. ఇప్పుడు దువ్వూరులో కాపురం. చదువు ఊసెత్తితే అక్క అక్కణ్ణించి లేచి వెళ్ళిపోతుందని కూడా సుహానా చెప్పింది.

“రా అక్కా. ఎండన పడి వచ్చినావు. కూర్చో.” అఖ్తర్ బీ ఒక పక్కకు జరిగి గోనెసంచి అంచు దులిపింది. “లావైనావు. అప్పుడు ఎండుపుల్ల మాదిరి ఉంటివి.”

కుర్చీ తెస్తానని సుహానా లోపలికి పోబోయింది. ప్రసన్నకుమారి వద్దని బండల మీదే కూర్చుంది. కూర్చున్న తర్వాత చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తను కూడా నాలుగు కాయలు తీసుకుని వలవడం మొదలుపెట్టింది. అఖ్తర్ బీ ఆమె వలిచిన గింజను తీసుకుని చూసి, ఎడమ రాశిలోకి మార్చింది.

కాసేపు పలకరింపులే సాగాయి. తిమోతి మాస్టరు పోయి ఎన్నేళ్ళయిందని అఖ్తర్ బీ అడిగింది. ఆయన తనకు ఒకసారి మందులచీటీ చదివిపెట్టిన సంగతి చెప్పింది. మోకాళ్ళ గురించి, డాక్టరు గురించి, జైనబ్ పిల్లల గురించి చెప్పింది. ఎంతకీ ఆ రోజు దగ్గరికి రాలేదు. అది ప్రసన్నకుమారి పని అని, వచ్చినామే అడగాలని ఆమె ఊరుకుంటోందని అర్థమయింది.

వేలమందిని ప్రశ్నలు అడిగిన మనిషికి ఈ ఒక్క ప్రశ్న ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి పాఠంలో ఉన్నట్టుగానే అడిగింది. ఆ రోజు నువ్వు నా వైపు చూశావు, నేను చెప్పవద్దంటున్నావని అనుకున్నాను, నువ్వు అన్నది అది కాదా అని.

అఖ్తర్ బీ వలవడం ఆపలేదు.

“నా మొగం చూసి అనుకున్యావా?”

“అవును.”

“నా మొగం ఏమన్నా తెలుగులో రాసుండాదా అక్కా, నువ్వు చదివేదానికి?”

వెటకారంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది. గుమ్మంలో నిలబడిన సుహానా పెదవి కొరుక్కుంది.

“నేను నీ మొగం చూల్లేదు. నీ చెయ్యి చూసినా,” అంది అఖ్తర్ బీ. “చీటీ నీ చేతిలో ఉన్నింది.”

ప్రసన్నకుమారికి ఒక్కసారిగా ఆ చీటీ స్పర్శ తెలిసింది. పాఠంలో లేని స్పర్శ. నోటు పుస్తకం కాయితం, ఒక మూల చిరిగింది. గాలి వచ్చింది. బడి వరండా మీదుగా గనుల దుమ్ముతో గాలి వచ్చి నాలుగు చీటీలు లేచాయి. అందరూ నవ్వుతూ పట్టుకున్నారు. ఒకటి వచ్చి తన కాలి దగ్గర పడింది. వంగి తీసుకుంది. అఖ్తర్ బీ భర్త సిరాజుద్దీన్ పేరు దాని మీద తన చేతిరాతలోనే ఉంది. ఇది యాడ పెట్టాల అని అడిగింది. పొరుగింటి అమీనాబీ, కువైట్ దుడ్లు వచ్చే ఇల్లు, రెండో కుప్పలో పెట్టండి అంది. ఆ తర్వాతే అఖ్తర్ బీ తలెత్తింది.

ఆ చీటీ చేతిలోనే ఉన్నట్టు ప్రసన్నకుమారి వేళ్ళు కాయ మీద బిగుసుకున్నాయి.

నువ్వే చెప్పి ఉండొచ్చు కదా అని అడగడం ఆమెకు ఇష్టం లేకపోయింది. అయినా అడిగింది. అడగకపోతే మళ్ళీ తనే ఊహించుకుంటుంది.

“ఎట్ల చెప్పేది?” అఖ్తర్ బీ చేతులు మొదటిసారి ఆగాయి. “అమీనాబీ నా మీద కోపంతో అనలేదు. నా పరువు నిలపాలని అనింది. దానికీ తెలుసు మాయింట్లో పొయ్యి రగల్లేదని. నేను నా నోటితో కాదంటే, నా మొగుడు నన్ను ఇడిసిపెట్టినాడని నేనే చాటినట్ట. నువ్వు చెప్పింటే ఆపీసోళ్ళ మాట అయిపోతాండె. ఎవురూ నన్ను ఏమీ అడగరు.” ఆమె కుడిచెయ్యి చాపి, గట్టి గింజల రాశి మీద నుంచి ముడుచుకున్న గింజల రాశి మీదికి మెల్లగా జరిపింది. “చెప్పాల్సిన పని గూడా లేదు. చెయ్యి రెండు జానలు పక్కకు జరిపింటే సాలు.”

వసారాలో ఎండ రేకుల సందులోంచి పడి బండల మీద గీతలుగా ఉంది. ప్రసన్నకుమారి ఆ గీతల వైపు చూస్తూ, ఇప్పటికీ తన లోపల ఏదో సమాధానం వెతుక్కుంటున్నదని గమనించింది. చెయ్యి పెట్టకూడదన్నది నియమం. తను నియమం పాటించింది. పేదవాళ్ళ తరఫున చదువుకున్నవాళ్ళు నిర్ణయించకూడదని, పెత్తనం వాళ్ళ చేతికే ఇవ్వాలని నమ్మింది. అది మంచి నమ్మకం. ఇప్పటికీ మంచిదే.

నియమం పాటించాను కదా అని ఆమె పైకే అన్నట్టుంది. అఖ్తర్ బీ తల ఊపింది.

“నీ వెనకాల ఇద్దురు నిలబడుకోని ఉండ్రి. కడప నుంచి వచ్చినోళ్ళు. పుస్తకాలు పట్టుకోని రాసుకుంటాండ్రి. నువ్వు చీటీ తీస్కోని, నన్ను చూసి, మళ్ళీ ఎనక్కి తిరిగి వాళ్ళను చూస్తివి. ఆపైన అమీనాబీకి ఇస్తివి.” ఆమె మళ్ళీ కాయలు అందుకుంది. “వాళ్ళు నీకు మార్కులు ఏసేటోళ్ళేమో అనుకుంటి.”

ఆ ఇద్దరూ పాఠంలో లేరు.

ఇరవై మూడేళ్ళలో ఒక్కసారి కూడా లేరు. దాచిపెట్టలేదు. అసలు గుర్తుకే రాలేదు. ఇప్పుడు అఖ్తర్ బీ ఆ మాట అనగానే, ఒకాయన చొక్కా జేబులో ఎర్ర కలం, ఇంకొకాయన బూట్ల మీద తెల్లటి ముగ్గుపిండి, అన్నీ లోపలెక్కడో ఇన్నాళ్ళూ వేచి ఉన్నట్టు వచ్చి నిలబడ్డాయి. అది ఆమె సొంతంగా నడిపించిన మొదటి పటం. చెయ్యి పెడితే ‘ఉద్యోగి జోక్యం చేసుకుంది’ అని రాస్తారు. ఆ భయం ఎంత చిన్నదంటే, దాన్ని భయమని ఒప్పుకోవడానికి ఆమెకు సిగ్గు. అందుకని ఎదురుగా ఉన్న ఒక ముఖం మీద చెప్పవద్దన్న మాట తనే రాసి, తనే చదువుకుంది. మనసు తనకు కావలసిన ఉత్తరం తానే రాసుకుంటుంది. అడుగున రాసిపెట్టినవాళ్ళ పేరు మాత్రం వెయ్యదు.

నెల తర్వాత ఆ ఊరు పోతే ఇంటికి తాళం ఉంది. పుట్టింటికి పోయిందని ఎవరో చెప్పారు. అయితే బాగానే ఉన్నారనుకుంది. అంతలో తనను ప్రొద్దుటూరు వైపు మార్చారు.

“తప్పు చేశాను,” అంది ప్రసన్నకుమారి.

“అవును,” అంది అఖ్తర్ బీ.

ఆ ఒక్క మాట తర్వాత ఇద్దరికీ కొంచెం ఊపిరి ఆడినట్టయింది. పరవాలేదులే అని అఖ్తర్ బీ అనలేదు. అననందుకు ప్రసన్నకుమారి లోలోపల కృతజ్ఞురాలయింది. సుహానా లోపలికి పోయి టీ పెట్టింది. స్టవ్ వెలిగిన చప్పుడు వినిపించింది.

సోమవారం నలభై మంది ఊళ్ళకు పోతున్నారని, వాళ్ళలో సుహానా కూడా ఉందని, వాళ్ళకు ఏం చెప్పాలో తనకు తెలియడం లేదని ప్రసన్నకుమారి చెప్పింది. చూపు చూసి నోరు మూసుకోమని ఇన్నేళ్ళూ చెప్పాను. ఇప్పుడు చూపు చూసి నోరు విప్పమని చెబితే, అదీ ఇంకొక ఇంట్లో తప్పే అవుతుంది కదా అంది.

అఖ్తర్ బీ ఆలోచించడానికి పెద్దగా సమయం తీసుకోలేదు.

“చూపులు చదవొద్దని చెప్పు. ముందు రోజు ఇంటికి పొమ్మను. తలుపు దగ్గర కూర్చోని, రేపు నీ మాట నేను చెప్పాల్నా వద్దా అని అడగమను. అంతే. అడిగింటే నేను చెప్పు అనింటా. ఇంకొకామె వద్దనొచ్చు. అది ఆమె ఇష్టం.” కాస్త ఆగి చేర్చింది. “ఇంత సదువు సదివినారు, అడిగేది ఒక్కటి నేర్పలేదా మీకు?”

నేర్పలేదు. మూడో పేజీలో చోటు లేకపోయింది. ఎడ్విన్‌కు ఏం చెప్పాలో ప్రసన్నకుమారికి తెలిసిపోయింది. పేజీ తీసెయ్యడం కాదు, ఉంచడమూ కాదు. పాఠం ఉంటుంది. కడప నుంచి వచ్చిన ఇద్దరూ అందులో ఉంటారు. కింద నియమం ఉన్నచోట ఒక ప్రశ్న ఉంటుంది.

టీ తాగి లేవాలనుకుంది. పైట సర్దుకుంది. అఖ్తర్ బీ మాత్రం గ్లాసు పక్కన పెట్టి, వెనక గోడ దగ్గరున్న రేకుపెట్టె వైపు చెయ్యి చూపించింది.

“నిన్న బిడ్డ ఫోన్ చేసి నువ్వొస్తాండావని చెప్పినాక పెట్టె దించినా. సుహానా, పైన నీలం గుడ్డలో ఉంటాది. తీస్కరా.”

సుహానా తెచ్చింది. అదేమిటో ఆమెకూ తెలియదని ముఖం చూస్తేనే... ప్రసన్నకుమారి ఆ ఊహను అక్కడే ఆపి, నీకు తెలుసా అని అడిగింది. తెలియదంది సుహానా.

గుడ్డ విప్పితే ఒక ఉత్తరం. అంచులు పసుపు తిరిగిన కవరు. స్టాంపు లేదు, ఎవరో చేత్తో తెచ్చి ఇచ్చింది. అంటించిన చోటు అంటించినట్టే ఉంది. పైన తెలుగులో అఖ్తర్ బీ పేరు, ఊరి పేరు. ఇంకేమీ లేదు.

“పటం గీసేదానికి ముందు రోజు వచ్చింది. వల్లూరు ఊరాయప్ప ఒకడు కువైట్ నుంచి వస్తా తెచ్చిచ్చినాడు,” అంది అఖ్తర్ బీ. “పద్నాలుగు నెల్ల తర్వాత. నాకు తెలుగు రాదు. వీధిలో చదివేది అమీనాబీ మొగుడు ఒక్కడే. ఆయప్ప చదివితే సాయంత్రానికి ఊరంతా చదివినట్టే. పొద్దున్నే నువ్వొస్తావు గదా అని రయికలో పెట్టుకోని వచ్చి కూర్చుంటి. చీటీలు అయిపోయినాక పక్కకు పిలిచి చదివిపిచ్చుకుందామని. నువ్వు చీటీ ఆమెకు ఇచ్చినాక, నా ఉత్తరం నీ చేతికి ఇయ్యబుద్ధి కాలేదు.”

సుహానా గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఇంట్లో ఇన్నేళ్ళు ఉన్న ఉత్తరం తనతో ఎందుకు చదివించలేదని అడిగింది. ఆమె గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

“మీ నాయన ఏం రాసినాడో తెలీకుండా నీ చేతికి ఎట్ల ఇస్తానే? అందులో కానిది ఉంటే, అది నీ నోటితో నేను వినాల్నా?” కూతురితో ఆ మాట అని, అఖ్తర్ బీ ప్రసన్నకుమారి వైపు తిరిగింది. “కువైట్‌కు తీస్కపోయినా దీన్ని. ఆడ అడిగితే ఒకడు సౌదీకి పోయినాడనె. కమలాపురం ఆయప్ప సచ్చిపోయినాడనె. ఇంకొకడు పెండ్లి చేసుకున్యాడనె. విప్పనంత కాలం నాకు ముగ్గురు మొగుళ్ళు అక్కా. విప్పితే ఒకడే మిగులుతాడు. ఆ ఒకడూ మిగులుతాడో లేదో.”

ఆమె నవ్వింది. మిగిలిన ఇద్దరూ నవ్వలేకపోయారు.

“నువ్వు తప్పు ఒప్పుకుంటివి గదా. చదువు. నువ్వే చదవాల్సింది ఇది.”

కవరు ఆమె చేతిలోకి వచ్చింది. ఆ చీటీకి కూడా ఇంతే బరువుండేది. ప్రసన్నకుమారి అంచు చింపింది. పాత జిగురు పొడిగా రాలింది. లోపల గీతల కాయితం ఒకటే, రెండు వైపులా రాసి ఉంది. రాసినవాడికి తెలుగు అలవాటు తప్పిందని అక్షరాలు చెబుతున్నాయి. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, అలవాటు ప్రకారం మొదట తన కోసం చదువుకుంది.

మొదటి వరసలో ఉన్నది అఖ్తర్ బీ పేరు కాదు.

‘ప్రసన్నక్కకు సిరాజుద్దీన్ సలాం. ఉత్తరాల అడుగున నీ పేరు చూస్తా ఉంటా కాబట్టి దీన్ని విప్పేది నువ్వేనని తెలిసి ముందు నీకు రాస్తాండా. ఈ నాలుగు వరసల కింద ఉండేది నువ్వు ఒక్కదానివే చదువుకో. అఖ్తర్‌కు చదవొద్దు. నేను బాగుండానని, పనిలో ఉండానని మాత్రం చెప్పు. నీకు గుట్టు దాచడం తెలుసునని నమ్మి రాస్తాండా.’

ఆమె చూపు అక్కడే ఆగింది. కింది వరసలోకి పోనివ్వలేదు.

చెప్పవలసిన వాక్యం సిద్ధంగా ఉంది. రాసినవాడే రాసి ఇచ్చాడు. బాగున్నాడట, పనిలో ఉన్నాడట. ఇరవై మూడేళ్ళ కిందటి మాటే కదా, ఎవరికీ నష్టం లేదు. అన్నింటికన్నా, అడిగింది ఆయన. ఆమె లోపల తిమోతి మాస్టరు గొంతు, ఎడ్విన్ మర్యాద, మూడో పేజీ అన్నీ ఒకేసారి తలలు ఊపాయి. ఇంత తేలికగా మనిషి మళ్ళీ అక్కడికే వస్తాడా అని ఆమెకు ఆశ్చర్యం వేసింది.

అఖ్తర్ బీ కాయలు పక్కకు నెట్టేసింది. ఆమె చూస్తున్నది కాయితం పట్టుకున్న చేతిని.

“ఏం రాసినాడు?”

“నువ్వు విన్నాక బాధ పడొచ్చు. ఏమున్నా, ఉన్నది ఉన్నట్టు చదవాల్నా, వద్దా?” అని అడిగింది ప్రసన్నకుమారి.

అఖ్తర్ బీ ఆమెను కాసేపు చూసింది. ఆ చూపులో ఏముందో ప్రసన్నకుమారి వెతకలేదు. జవాబు కోసం కూర్చుంది.

“చదువు.”

ప్రసన్నకుమారి మొదటి నుంచి చదివింది. సలాం చదివింది. తన పేరు చదివింది. అఖ్తర్‌కు చదవొద్దు అన్న వరసను, గొంతు తగ్గించకుండా, అఖ్తర్ బీకి చదివి వినిపించింది. గోడ దగ్గర సుహానా చేత్తో నోరు మూసుకుంది.

అఖ్తర్ బీ ఒళ్ళో పడిన పొట్టు దులుపుకుని, కొంగు తల మీదికి లాక్కుని, పెద్దమనిషి ఇంటికి వచ్చినప్పుడు కూర్చున్నట్టుగా కాళ్ళు ముడుచుకుని నిటారుగా కూర్చుంది. మోకాళ్ళు నొప్పి పుట్టే ఉంటాయి.

“ఇప్పుడు కిందిది,” అంది.

ప్రసన్నకుమారి వేలు ఐదో వరస మీదికి జరిపింది.